ముగ్గురూ పోసిన నీళ్ళు

ఏప్రిల్ 8, మంగళవారం

ఆల్టరేషన్‌కి వచ్చిన ప్యాంటు జేబులో ఇవాళ ఒక పొట్లం దొరికింది. జేబుల్లో నాకు దొరకని వస్తువంటూ లేదు. బస్సు టికెట్లు, దువ్వెనలు, ఒకసారి కట్టుడు పన్ను కూడా. విత్తనాలు దొరకడం మాత్రం ఇదే మొదలు. పొట్లం మీద పెన్సిలుతో ‘బీన్స్’ అని రాసి ఉంది. ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయనకి ఇవ్వబోతే, “ఎప్పటివో అవి, పారేయండమ్మా” అన్నాడు. నడుము రెండంగుళాలు వదులు చేయించుకున్న మనిషి. వంగి విత్తనాలు నాటే ముచ్చట ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

పారేయలేదు. మిషను సొరుగులో పెట్టాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన చెప్పారు, అంతా ఖాయమైందని. సెలవులు అయిపోగానే, జూన్‌లో, పిల్ల వాళ్ళ పిన్ని ఊరికి వెళ్ళిపోతుంది. ఇక చదువు అక్కడే. పిల్ల “సరే” అంది. నేను “పిల్ల ఇష్టం” అన్నాను. అత్తగారు మంచినీళ్ళు తాగారు. ఎవరి కంచం వాళ్ళు తీసుకుని లేచాం.

మంచిదే. తల్లి పోయిన పిల్లకి తల్లి చెల్లెలి కన్నా దగ్గరివాళ్ళెవరు? నేనీ ఇంటికొచ్చి ఏడాది కూడా కాలేదు. నలభై దాటాక పెళ్ళి చేసుకున్నదాన్ని, పద్నాలుగేళ్ళ కూతురు వచ్చి ఒళ్ళో కూర్చుంటుందని అనుకుంటే అది నా తెలివితక్కువతనం. నాకేం బాధ లేదు. రాయాలనిపించి రాశాను.

ఏప్రిల్ 10, గురువారం

కొళాయి వంటింట్లోకి వచ్చినప్పటి నుంచీ పెరటి గోడ పక్క సిమెంటు తొట్టి దండగ. వాన పడితే దోమలు, పడకపోతే చెత్త. కుట్టాల్సిన యూనిఫాంలు పక్కన పడేసి, ఇవాళ దాంట్లో మట్టి నింపడం మొదలుపెట్టాను. వీధి చివర ఇల్లు కడుతున్నచోట తవ్విపోసిన మట్టి కావలసినంత ఉంది. కడుపు మండినప్పుడు బరువులు మోయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇవాళ కడుపేం మండలేదు. ఊరికే.

అత్తగారు కుర్చీ వేయించుకుని పర్యవేక్షణకి కూర్చున్నారు. ఆవిడ టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరందరి మాటలూ కలిపి కలిపి, చివరికి నోరు విప్పని కొడుకు, మనవరాలు, కోడలి మధ్య వచ్చి పడ్డారు. “ఇంత నిశ్శబ్దం ఎక్స్చేంజిలో కరెంటు పోయినప్పుడు కూడా వినలేదే అమ్మాయీ” అంటుంటారు.

నేను నాలుగు బకెట్లు మోసి నడుము పట్టుకునేసరికి పిల్ల తన గదిలోంచి వచ్చింది. నా చేతిలో బకెట్టు తీసుకుంది. తొట్టి నిండేదాకా మోసింది. కాళ్ళు కడుక్కుని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

విత్తాం. నేను టేపు పెట్టి కొలిచాను. సుద్దతో గీత గీయబోయాను కూడా. మట్టి మీద సుద్ద గీత పడదని అప్పుడు తెలిసింది. చివరికి అటూ ఇటూ పుల్లలు గుచ్చి, దారం లాగి కట్టి, దాని వెంబడి ఒక్కో గింజా పెట్టుకుంటూ పోయాను. “అది మొక్కే తల్లీ, చొక్కాకి కుట్టే కాజా కాదు” అన్నారు అత్తగారు.

ఆవిడ పద్ధతి వేరు. వంటింట్లో మెత్తబడిన టమాటా ఒకటి తెచ్చి, పాలపొడి డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టిపోసి దాని మీద టమాటాని చేత్తో పిసికేశారు. అంతే. చేతులు దులుపుకుని, “నా పంట అయిపోయింది” అన్నారు. డెబ్బై ఆరేళ్ళలో ఆవిడ ఏదైనా నాటడం ఇదే మొదటిసారట. నేనూ అంతే. ఇంటి నిండా మహా రైతులం.

పిల్ల మమ్మల్ని చూసి సైకిలు తీసింది. కాసేపటికి ముల్లంగి విత్తనాలతో తిరిగొచ్చింది.

“ముల్లంగి ఇష్టమా నీకు?” అన్నాను.

“అంత ఇష్టమేం కాదు. తొందరగా వస్తుందట” అంది.

తొందరగా అన్న మాట గురించి నేనేం ఆలోచించలేదు.

ఏప్రిల్ 19, శనివారం

మొలిచాయి.

బీన్స్ మెడలు వంచుకుని, నెత్తి మీద మట్టిపెళ్ళలు పెట్టుకుని లేచాయి. ఎన్నిసార్లు వెళ్ళి చూశానో రాయను, సిగ్గుచేటు.

ఏప్రిల్ 21, సోమవారం

పొద్దున్నే ఎవరూ లేవకముందే నీళ్ళు పోసి వస్తున్నాను. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పిల్లకి సెలవులు, హాయిగా పడుకోనీ. ఒకరికి పని చెప్పి వాళ్ళ ముఖం చూడటం కన్నా మనమే చేసుకోవడం నయం. ఈ ఇంట్లో నాకు ఇప్పటిదాకా మాట రాలేదంటే ఆ గుణం వల్లే.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఆకులు పసుపుపచ్చగా అవుతున్నాయి. కాడలు వాలిపోతున్నాయి. గోడ అవతలి కాంపౌండరుగారిని అడిగాను. ఆయన ఎడం కన్ను మూసి తొట్టి వైపు చూసి, “దాహమండీ. ఎండలు చూశారా. నీళ్ళు పెంచండి” అన్నారు. మనుషులకీ మొక్కలకీ ఒకే మందు.

చెంబు మానేసి బకెట్టు పోశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

సగం పడిపోయాయి. మనసేం బాగాలేదు. నేను చెయ్యి పెట్టినవి ఇంతే. ఇవాళ ఒక ప్యాంటుకి ఒక కాలు పొట్టిగా కుట్టి మళ్ళీ విప్పుకున్నాను. పిల్ల రెండుసార్లు తొట్టి దాకా వెళ్ళి వచ్చింది, ముఖం చిన్నబుచ్చుకుని. ఏమైనా అందామనుకున్నాను. మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున జరిగింది తలుచుకుంటే రాస్తూ కూడా నవ్వొస్తోంది.

ఇవాళ కాస్త ఆలస్యంగా లేచాను. బకెట్టుతో పెరటి తలుపు తీసేసరికి తొట్టి మీదకి వంగి, చెంబుతో నీళ్ళు పోస్తూ అత్తగారు. దొంగ దొరికినట్టు నిటారుగా అయ్యారు.

“మీరేంటత్తయ్యా ఇక్కడ?”

“నేను రోజూ పోస్తున్నానే. నువ్వు మిషను దగ్గర కూర్చున్నాక. నీకెక్కడ తీరుతుంది పాపం అని. ఇవాళ తొందరగా మెలకువొచ్చింది.”

“నేను రోజూ పొద్దున్నే పోస్తున్నాను కదత్తయ్యా.”

ఆవిడ చెంబు దించి నా వైపు చూశారు. ఈలోగా పక్క సందులోంచి నీళ్ళు చిందుతున్న చప్పుడు. రెండు చేతులా బకెట్టు పట్టుకుని పిల్ల. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

“నేను రోజూ సాయంత్రం పోస్తాను. నిన్న సాయంత్రం కుదర్లేదు. అందుకని ఇప్పుడు...” అని మా ఇద్దరి చేతుల్లోకి చూసింది. “ఎవరూ పోయట్లేదనుకున్నా. పెంచమని కాంపౌండరు అంకుల్ చెప్పారు.”

“నాకూ చెప్పాడు వాడు” అన్నారు అత్తగారు.

నేను మట్టిలో వేలు పెట్టాను. వేలంతా దిగిపోయింది. కుళ్ళిన వాసన. నీళ్ళు నిలవ ఉంచడానికి కట్టిన తొట్టి కదా, అడుగున ఒక్క చిల్లు లేదు. ముగ్గురం కలిసి బురదలో ముంచి చంపేశాం వాటిని, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకరి మీద ఒకరికి జాలితో.

“మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనంటారు. మనం ముగ్గురమే, సముద్రం చేశాం” అని అత్తగారు గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చూసి పిల్ల నవ్వింది. నేను ఈ ఇంట్లో ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి. ముక్కుతో నవ్వుతుంది, అచ్చం వాళ్ళ నాన్నలాగా. నేను బకెట్టు పట్టుకుని నిలబడి చూస్తూ ఉండిపోయాను. బకెట్టు దించాలని కూడా గుర్తు లేదు.

గోలకి ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చారు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, నురగ నోటితోనే “చిల్లు లేదు” అని లోపలికి వెళ్ళిపోయారు. నోట్లో నాలుక లేని మనిషి. సాయంత్రం ఎవరి దగ్గరో డ్రిల్లు అడిగి తెచ్చారు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి చిల్లు పెట్టడమంటే మాటలా. కొలిచారు, గుర్తు పెట్టారు, మళ్ళీ కొలిచారు. “పక్కకి జరగండి” అన్నారు. చిల్లు పడగానే నల్లటి నీళ్ళు ధారగా వచ్చి ఆయన చెప్పులు ముంచేశాయి. నలుగురం అక్కడే నిలబడి అవి ఆగేదాకా చూశాం. చూడటానికి అందులో ఏముందని అడిగితే చెప్పలేను.

ఏప్రిల్ 30, బుధవారం

చనిపోయినవి పీకేశాం. నేను పీకలేకపోతుంటే పిల్ల చకచకా లాగేసింది. తొట్టికి ఒక మూల పై అంచున సన్నటి పగులుంది, అక్కడి నీళ్ళు ఎప్పటికప్పుడు కారిపోయినట్టున్నాయి. ఆ మూల బీన్స్ మాత్రం బతికాయి. మిగతాచోట మళ్ళీ విత్తాం.

అత్తగారు చట్టం చేశారు. ఇక నుంచి ఎవరు నీళ్ళు పోసినా ఇల్లంతా వినపడేలా చెప్పాలి. చెప్పకుండా మంచితనం చూపిస్తే ఊరుకునేది లేదట.

మే 5, సోమవారం

“నీళ్ళు పోశా” అని పిల్ల గొంతు పెరట్లోంచి. “అందింది” అని అత్తగారు మంచం మీద నుంచి. రోజూ ఇదే.

ఈ రోగం మిగతా పనులకీ అంటుకుంది. పాలు కాచాను, తలుపేశాను, షాపుకి వెళ్తున్నాను. ఆయన కూడా వెళ్తూ వెళ్తూ “వెళ్తున్నా” అంటున్నారు, గోడకి చెప్పినట్టు. మధ్యాహ్నం పిల్ల గదిలోంచి “నాకు తలనొప్పిగా ఉంది” అని వినపడింది. ఎవరికి చెప్పిందో తెలియదు. అత్తగారు నిద్రలో ఉన్నారు. నేనే వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను. తియ్యమనలేదు. నిద్రపట్టేదాకా అలాగే ఉంచాను. మూడు షర్టులు ఆలస్యమయ్యాయి. అవనీ.

మే 11, ఆదివారం

ముల్లంగి మొలకలు గుత్తులు గుత్తులుగా లేచాయి. ఒకటి ఉంచి ఒకటి పీకేయాలని విత్తనాల షాపులో చెప్పారట. నా వల్ల కాలేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? బతికి బట్టకడుతున్నదాన్ని పీకడానికి చెయ్యెలా వస్తుంది. పిల్ల పీకింది, తల వంచుకుని, దయాదాక్షిణ్యం లేకుండా. పీకినవన్నీ ఒక మూల పోసింది.

సాయంత్రానికి ఆ కుప్ప మాయం. పగిలిన కెటిలు, పాత వాష్‌బేసిన్, అరిగిపోయిన బూటు, ఎక్కడ పడితే అక్కడ ముల్లంగి మొలకలు నిలబడి ఉన్నాయి. అత్తగారి పని. “ఎక్స్‌ట్రా లైన్లు” అన్నారు.

పిల్ల నన్ను ‘ఏవండీ’ అని పిలుస్తుంది. నేను ఆయన్ని పిలిచేది కూడా అదే. పిల్ల “ఏవండీ” అనగానే ఆయన కూడా పేపర్లోంచి తలెత్తుతారు. “ఒక ఇంటికి ఒక్క ఏవండీ చాలు, ఎవరో ఒకరు నంబరు మార్చుకోండి” అని అత్తగారి గోల. నాకేం ఇబ్బంది లేదు. పిలుస్తోంది, అది చాలు. ఎలాగూ ఇంకెన్నాళ్ళని.

మే 18, ఆదివారం

బీన్స్ తీగలు పైకి పాకుతున్నాయి. కట్టడానికి నా దగ్గర లేనిదేముంది, తెగిన జిప్పులు, ఎలాస్టిక్ ముక్కలు, ఎవరి ఫ్రాకుదో మిగిలిన గులాబీ శాటిన్ రిబ్బను. మా తొట్టి పెళ్ళివారిల్లులా ఉంది.

చిగుళ్ళ మీద నల్లటి చుక్కల్లాంటివి కనపడుతున్నాయంటే ఆయన షాపు నుంచి గీతపడిన భూతద్దం ఒకటి తెచ్చారు. అందులోంచి చూస్తే పురుగులు. కాళ్ళు, మీసాలు సహా. నలుగురం వంతులేసుకుని చూశాం. ఆయన పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అద్దం ఎంత దూరంలో పెట్టాలో చెప్పారు. చాలాసేపు చెప్పారు. ఆయనకి అన్ని మాటలు వచ్చని నాకు తెలియదు. పిల్ల వేళ్ళతో పురుగుల్ని నలుపుతూ, “అమ్మకి పురుగులంటే భయం కదా నాన్నా” అంది. ఆయన “చీమంటే కూడా భయమే, మంచమెక్కేది” అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వాళ్ళమ్మ మాట ఈ ఇంట్లో నా ముందు ఎవరైనా ఎత్తడం ఇదే మొదలు. నేనుంటే ఎత్తకూడదనుకున్నారేమో ఇన్నాళ్ళూ. నేను అక్కడి నుంచి లేచి వెళ్ళాలా, ఉండాలా అని చూశాను. పిల్ల అద్దం నా చేతికిచ్చింది. ఉన్నాను.

మే 20, మంగళవారం

పూత. తెల్లగా, చిన్న చిన్నగా.

మే 24, శనివారం

అత్తగారు మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అలా కూర్చున్నారంటే ఏదో ఉంది.

“అడుగవే పిల్లని, ఉండిపొమ్మని.”

“తను వెళ్తానంది కదత్తయ్యా.”

“వెళ్తానని ఎప్పుడంది? సరే అంది. ముల్లంగి తింటావా అన్నా సరే అంటుంది అది. నోరు తెరిచి అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు.”

“మీరడగండి, మీ మనవరాలు.”

“నేను అడిగితే ముసల్ది ఒంటరిగా ఉండలేక అడిగిందనుకుంటుంది. వాడడిగితే తండ్రి, తప్పదు అనుకుంటుంది. నువ్వడగాలి. నీకు అవసరం లేదు కాబట్టి నీ మాటకి విలువ.”

నాకు అవసరం లేదట. బాబిన్‌లో దారం చిక్కుపడితే అరగంట తీశాను.

అడగను. సొంత పిన్ని దగ్గరికి వెళ్తున్న పిల్లని ఆపడానికి నేనెవరిని. ఆపితే, మొహమాటానికి సరే అంటుంది. మొహమాటానికి ఉండే పిల్లని చూస్తూ రోజూ ఎలా అన్నం తినను. వెళ్తే నలుగురి వంట ముగ్గురికి తగ్గుతుంది. అదీ మంచిదే.

మే 31, శనివారం

ముల్లంగి పీకాం. పాలు తాగే పిల్లాడి బొటనవేలంత ఒకటి, రెండు కాళ్ళు మెలేసుకున్నది ఒకటి. అత్తగారి వాష్‌బేసిన్‌లో ‘ఎక్స్‌ట్రా లైన్లే’ అన్నింటికన్నా బాగా ఊరాయి. పిల్ల కొళాయి కింద కడిగి అక్కడికక్కడే కొరికి, ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మిగిలిన సగం నా నోట్లో పెట్టింది. ఇష్టం లేదన్న పిల్ల ఇంకో రెండు తినేసింది. నేనింత తృప్తిగా ఏదీ తినలేదు, అబద్ధమెందుకు.

జూన్ 4, బుధవారం

పిన్ని ఆదివారం వస్తుందని ఫోను. సోమవారం పిల్లని తీసుకుని వెళ్తుంది.

కొత్త స్కూలు యూనిఫాం నేనే కుడుతున్నాను. ఎదిగే వయసు కదా, అంచు లోపల ఎక్కువ మడిచాను. తర్వాత విప్పుకోవచ్చు. ఎవరు విప్పుతారు. వాళ్ళ పిన్నికి కుట్టుపని రాదు.

జూన్ 7, శనివారం

ఏం రాయను.

జూన్ 8, ఆదివారం

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పిన్ని పొద్దున వచ్చింది. నర్సు. చురుకైన మనిషి, నవ్వు ముఖం. నన్ను ఏమని పిలవాలో తెలియక కాసేపు ‘ఇదిగో’లతో నెట్టుకొచ్చి, చివరికి “అక్కా” అంది. పిల్ల పిన్నిని చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. ఇది మొదట విత్తింది, ఇది చచ్చి బతికింది, ఇది నానమ్మ బూటులో పెంచింది. మొదటి బీన్స్ కోతకి వచ్చాయి. పిల్ల ఒక్కొక్కటే కోసి తెచ్చి నా గిన్నెలో పోసి, మళ్ళీ వెళ్ళింది.

నేనూ పిన్నీ వంటింట్లో కింద కూర్చుని ఈనెలు తీస్తున్నాం. అత్తగారు గుమ్మంలో. ఆయన మా వెనక మంచినీళ్ళు పట్టుకుంటున్నారు.

“మీరేమీ అనుకోకపోతే ఒకటంటాను” అంది పిన్ని. “మా ఇల్లు చిన్నది. మా పిల్లలిద్దరూ ఒకే గదిలో కొట్టుకు చస్తుంటారు. హాల్లో దీనికి మంచం వేశా. అక్క కూతురు, నేను వద్దంటానా. మీక్కూడా కొత్త కాపురం, ఇబ్బందేగా. అందుకే పంపిస్తామన్నారు, అర్థం చేసుకోగలను.”

“నేను పంపిస్తాననలేదు” అన్నాను.

“బావ అన్నాడుగా. ఇంట్లో అందరికీ అదే మంచిదనిపిస్తోందని.”

ముగ్గురం ఆయన వైపు తిరిగాం. ఆయన గ్లాసు గట్టు మీద పెట్టారు. “పిల్ల మాట్లాడటం లేదు కదా. ఇక్కడ ఊపిరాడట్లేదేమో అని. నువ్వు కూడా ఏమీ అనలేదు. ఇద్దరికీ అదే కావాలేమో అనుకున్నా” అన్నారు. పాపం, కూతురిని పంపడం ఇష్టం లేక ఆ మనిషి ఇన్నాళ్ళూ ఎలా నిద్రపోయాడో.

“నన్నెవరైనా అడిగారా?” అన్నారు అత్తగారు. “నేను లైనులోనే లేను.” అని నా వైపు చూశారు. ఆవిడ ఏమీ అనకుండా ఊరుకోవడం ఎప్పుడూ చూడలేదు నేను.

గిన్నె పక్కన పెట్టి లేచాను. పెరట్లోకి వెళ్ళాను. పిల్ల తీగల వెనక గొంతుక్కూర్చుని ఆకుల కింద వెతుకుతోంది. నేనూ పక్కనే కూర్చున్నాను.

“నీకు పిన్ని దగ్గరికి వెళ్ళాలనుందా?” అన్నాను.

తలెత్తలేదు. “మీకు గది కావాలి కదా.”

“ఏ గది?”

“నా గది. మిషనుకి. హాల్లో తలుపు పక్కన ఇరుక్కుని కుడతారు, ఎవరు వచ్చినా లేచి జరుగుతారు. మీరొచ్చిన కొత్తలో టేపుతో నా గది కొలిచారు. నేను చూశాను. నేను వెళ్తే అక్కడ పెట్టుకోవచ్చు.”

నాకు కాసేపు అర్థమే కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఏడాదిగా ఈ పిల్ల ఇది కడుపులో పెట్టుకుని సరే, సరే అంటూ తిరిగిందా.

“కిటికీని కొలిచానమ్మా. ఎండ ముఖాన పడుతోందని పరదా కుడదామని. నీకే రంగు ఇష్టమో అడగాలి. అడగడానికి మొహమాటపడి అలాగే వదిలేశాను.”

పిల్ల చేతిలో బీన్స్ కాయని అటూ ఇటూ తిప్పింది.

“పసుపు” అంది.

“వెళ్ళకు” అన్నాను.

ఎంత నెమ్మదిగా అన్నానో నాకే సరిగ్గా వినపడలేదు.

“ఏంటి?”

“వెళ్ళకు. ఇక్కడే ఉండు. నువ్వు వెళ్తే నాకు బాగోదు.”

“ఇంకోసారి చెప్పండి.”

వినపడక కాదు. నా కళ్ళలోకే చూస్తోంది. చెప్పాను. ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. వేరే మాటలేమీ రాలేదు నాకు, అదే మాట. పిల్ల గుప్పెట్లో కాయలు నా ఒళ్ళో పోసి, తల నా భుజానికి ఆనించింది. అప్పుడు ఏడ్చాను. అదీ ఏడ్చింది. దాని జుట్టు నిండా మట్టి, ఆకులు. అలాగే కూర్చున్నాం, వంటింట్లో కూర మాడిన వాసన వచ్చేదాకా.

జూన్ 9, సోమవారం

పిన్ని ఒక్కతే బస్సెక్కింది. రెండు సంచుల బీన్స్, ముల్లంగి ఇచ్చాం. వెళ్ళేముందు నన్ను పక్కకి లాగి, “మంచం హాల్లోంచి తీసేయొచ్చన్నమాట” అని నవ్వింది, బరువు దిగిన నవ్వు. సెలవులకి తన పిల్లలిద్దరినీ ఇక్కడికి పంపుతుందట. నాలుగు చేతులు ఎక్కువైతే మంచిదే, గోడ పక్కన ఇంకా జాగా ఉంది.

బస్టాండు నుంచి వస్తూ ఆయనా పిల్లా దోస విత్తనాలు తెచ్చారు. తొట్టిలో చోటు లేదంటే, “రెండో తొట్టి కట్టేద్దాం” అన్నారు ఆయన. ఒక్కరోజులో ఇన్ని మాటలా.

జూన్ 15, ఆదివారం

రేపు స్కూలు. పాత స్కూలే. బూట్లు పట్టడం లేదని ఇవాళ మధ్యాహ్నం చెప్పింది. ఉన్నపళంగా కావాలట. “వారం నుంచి ఏం చేస్తున్నావు, ముందే చెప్పొద్దూ” అని కసిరాను. “మీరు చూసుకోవద్దూ” అని నా మీదకే ఎదురు తిరిగింది. గదిలోకి పోయి, కిటికీకి వేసిన కొత్త పసుపు పరదాని విసురుగా లాగి, తలుపు ధడాలున వేసింది. మిషను మీది కత్తెర కింద పడింది.

“ఎవరే అది, ఇల్లు కూల్చేస్తున్నారు” అని అత్తగారు లోపలి నుంచి కేకేశారు.

“మన పిల్లే అత్తయ్యా” అన్నాను.